ఆయన పైన ఎవులు?

ఎల్లాజీ నొప్పి అని నోరు తెరవడం పదహారేళ్ళ కాపురంలో చిన్నతల్లి ఎప్పుడూ వినలేదు. ఒకసారి వలలోంచి జెల్ల చేపను తీస్తుంటే దాని ముల్లు అరచేతిలో దిగిపోయింది. జెల్ల ముల్లు దిగితే ఎంతటి మొగాడైనా ఇసకలో పడి దొర్లాల్సిందే. ఇతను మాత్రం ముల్లు పీకేసుకుని, చేతికి తువ్వాలు చుట్టుకుని, ఇంటికొచ్చి "కూడెట్టు" అన్నాడు. రెండో రోజుకి చెయ్యి పొంగిపోతే గాని సంగతి బయటపడలేదు. అలాంటి మనిషి.

అందుకే ఆ ఆదివారం పొద్దున్న ఆసుపత్రి మంచం మీద గోడవైపు మొహం తిప్పుకుని, "సిన్నతల్లీ, ఓర్సుకోనేకపోతన్నానే," అనేసరికి ఆమె బెదిరిపోయింది.

దెబ్బ తగిలింది ముందురోజు పొద్దున్న. హుద్‌హుద్ తుపాను వచ్చి పోయిన మరుసటేడు అది. కళింగపట్నానికి దిగువన సముద్రం ఒడ్డు పల్లె వాళ్ళది. ఎల్లాజీ వేటకి పోతాడు, చిన్నతల్లి చేపల గంప నెత్తినెట్టుకుని ఊళ్ళమ్మట తిరుగుతుంది. శనివారం వేట ముగించుకుని పడవని ఒడ్డుకి లాగుతుంటే వెనక నుంచి ఒక కెరటం వచ్చి దాన్ని ఎత్తి పక్కకి విసిరింది. ఎల్లాజీ కాలు పడవకీ కింద వేసిన దుంగకీ మధ్య చిక్కింది. మోకాలి కింద ఎముక విరిగిన చప్పుడు పక్కనున్నవాళ్ళకి కూడా వినబడిందట. నలుగురూ కలిసి ఆటోలో పడుకోబెట్టి, జిల్లాలో ఒక ట్రస్టు ఆసుపత్రికి తీసుకొచ్చారు. ఆసుపత్రి పేరుతో మనకి పనిలేదు. ఆరోగ్యశ్రీ కార్డు చెల్లుతుంది, ఎముకల డాక్టరు హస్తవాసి మంచిదని పేరు. వాళ్ళకి అంతే కావాలి.

డాక్టరు ఎక్స్‌రే ఫొటో తీయించి చూశాడు. ఎముక సరిచేసి కట్టు వేస్తానన్నాడు. సోమవారం మళ్ళీ ఫొటో తీసి, లోపల రాడ్డు వెయ్యాలో లేదో చెబుతానన్నాడు. సాయంత్రం ఆరింటికల్లా తొడ మధ్య నుంచి పాదం దాకా సిమెంటు కట్టు వేశారు. వేళ్ళు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి. సూది మందు ఇస్తే ఎల్లాజీ నిద్రపోయాడు. చిన్నతల్లి మంచం పక్కన నేల మీద చీర కొంగు పరుచుకుని పడుకుంది. గండం గడిచిందనే అనుకుంది.

ఆదివారం ఎనిమిది గంటలకి టిఫిను బండి వార్డులోకి వచ్చింది. ఎల్లాజీ ఇడ్లీ ముట్టలేదు. నుదుటి మీద చెమట పట్టింది. అప్పుడన్నాడు ఆ మాట.

చిన్నతల్లి పరుగున వార్డు చివర బల్ల దగ్గరికి వెళ్ళింది. అక్కడ నర్సు భారతి మందుల ట్రేలు సర్దుకుంటోంది. పాతికేళ్ళుంటాయేమో. ఇరవై నాలుగు మంచాలకి ఆదివారం ఆమె ఒక్కతే.

"నర్సమ్మా, మా ఆయన కాలు మరి నొప్పెడతన్నాదట."

"ఎముక విరిగింది కదమ్మా, నొప్పి ఉండదేటి? సూది ఏస్తాను, పద."

సూది వేసింది. అరగంట చూశారు, గంట చూశారు. తగ్గలేదు. పదింటికి ఎల్లాజీ తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. వార్డులో మిగతావాళ్ళకి తన మూలుగు వినపడకూడదని.

"ఎలాగున్నాదయ్యా?" అంటే తువ్వాలు తీసి చెప్పాడు. "లోపల ఎవులో మోకు బిగిస్తన్నట్టున్నాదే. బిగిస్తన్నారు, బిగిస్తన్నారు... ఒగ్గడం నేదు."

అదే సమయానికి డ్యూటీ డాక్టరు వినోద్ వార్డులో తిరుగుతూ వచ్చాడు. కుర్రాడే. కళ్ళు చూస్తే రెండు రోజులై నిద్ర లేనట్టు తెలుస్తోంది. మంచానికి వేలాడుతున్న చీటీ చదివాడు. వేళ్ళు కదపమన్నాడు. ఎల్లాజీ పళ్ళు బిగించి కాస్త కదిపాడు.

"కట్టు వేసిన కొత్తలో ఒకటి రెండు రోజులు ఇలాగే ఉంటుంది. ఇంకో ఇంజెక్షన్ రాస్తాను," అన్నాడు.

చిన్నతల్లి ఏదో చెప్పబోయింది. అంతలో కింద నుంచి మనిషి పరిగెత్తుకొచ్చాడు. హైవే మీద పెళ్ళివారి వ్యాను బోల్తా పడిందట, పద్నాలుగు మంది దెబ్బలతో వచ్చారట. డాక్టరు మెట్లు రెండేసి చొప్పున దిగి వెళ్ళిపోయాడు.

రెండో సూది కూడా వేశారు. తగ్గలేదు. పదకొండు దాటింది. ఎల్లాజీ మొహం పాలిపోయి బూడిద రంగుకి వచ్చింది. చిన్నతల్లి మళ్ళీ నర్సు దగ్గరికి వెళ్ళింది. "సూది పని చెయ్యడానికి టైము పడతాదమ్మా," అంది భారతి, చేతిలో ఇంకెవరిదో సెలైను సీసాతో. ఇంకో పది నిమిషాలకి మళ్ళీ వెళ్ళింది. ఈసారి భారతి తలెత్తలేదు కూడా.

అప్పుడు చిన్నతల్లి తనకి అలవాటైన పని చేసింది. అరిచింది.

ఆమె గొంతు సంగతి వాళ్ళ పల్లె చుట్టుపక్కల ఊళ్ళకి తెలుసు. వీధి మొదట్లో "సేపలోయ్" అంటే చివరి ఇంట్లో కత్తిపీట బయటికొచ్చేది. ఆ గొంతుతో ఆసుపత్రి వార్డు నడుమ నిలబడి, "మడిసి సచ్చిపోతన్నాడు, ఎవులికీ పట్టదేటి? పేదోళ్ళమని అలుసేటి? డాట్రెక్కడ? పిలండి డాట్రుని!" అని అందుకుంది. ఇరవై నాలుగు మంచాల మీదివాళ్ళూ తలలెత్తారు. కింద నుంచి సెక్యూరిటీ గంగులు వచ్చాడు. "ఏయమ్మా, ఇదేటి సంతనుకున్నావేటి? గొడవ సేస్తే బయటికి పంపించెయ్యమన్నారు," అన్నాడు. భారతి చెవులు ఎర్రబడ్డాయి. "అందరూ అరిచేవాళ్ళే. అరిస్తే నేనేం చెయ్యను?" అని ట్రే తీసుకుని అటు తిరిగింది.

మంచం మీంచి ఎల్లాజీ చెయ్యెత్తి, "ఒగ్గీయే, పరువు తీస్తన్నావు," అన్నాడు.

ఆ మాటతో చిన్నతల్లి గొంతు పడిపోయింది. మంచం పక్కన చతికిలబడింది. ఎదురు మంచం మనిషి తాలూకు ముసలామె వంగి, "ఆళ్ళతో పెట్టుకోకే తల్లీ. మన కాలు ఆళ్ళ సేతిలో ఉన్నాది," అని బుద్ధి చెప్పింది. నిజమే కాబోలు అనిపించింది. తను అరిచినందుకు పగబట్టి అసలు చూడకుండా ఒదిలేస్తేనో? ఒక భయం మీద ఇంకో భయం వచ్చి కూర్చుంది.

పక్క మంచం మీద తుంటి విరిగిన పెద్దాయన జీవరత్నం ఉన్నాడు. ఆయన భార్య జ్ఞానసుందరి పొద్దుటి నుంచి ఇదంతా చూస్తూనే ఉంది. అరవై దాటిన మనిషి. తెల్ల చీర, జబ్బకి సంచీ. ఆదివారం ఆరాధనకి వెళ్ళలేకపోయానని పొద్దున్న మంచం పక్కనే కళ్ళు మూసుకుని చాలాసేపు ప్రార్థన చేసుకుంది. ఆమె ఇప్పుడు లేచి వచ్చి చిన్నతల్లి భుజం మీద చెయ్యి వేసింది.

"అమ్మా, మీ ఆయన వేళ్ళు కదుపుతున్నాడా?"

"పదింటికి కదిపినాడమ్మా. డాట్రుబాబు సూసినాడు."

"ఇప్పుడో?"

చిన్నతల్లికి తెలీదు. అంతసేపూ మొగుడి మొహమే చూసింది గాని కాలివైపు చూడలేదు. ఇద్దరూ మంచం చివరికి వెళ్ళారు. దుప్పటి తీసి చూస్తే కట్టులోంచి బయటికొచ్చిన అయిదు వేళ్ళూ ఉబ్బి, నున్నగా మెరుస్తున్నాయి. రెండో కాలి వేళ్ళ మీద చెయ్యి వేస్తే వెచ్చగా ఉన్నాయి. ఇవి చల్లగా ఉన్నాయి.

"కదుపయ్యా," అంది చిన్నతల్లి.

"కదుపుతన్నాను కదే," అన్నాడు ఎల్లాజీ. వేళ్ళు కదల్లేదు.

జ్ఞానసుందరి బొటనవేలికీ పక్క వేలికీ మధ్య గోటితో గీసి, "తెలుస్తోందా నాయనా?" అంది. అతను తల అడ్డంగా ఊపాడు. ఆమె బొటనవేలిని పట్టుకుని కొద్దిగా, చాలా కొద్దిగా, పైకి వంచింది. ఎల్లాజీ వేసిన కేకకి చిన్నతల్లి వెనక్కి గెంతింది.

"మీరు నర్సమ్మా?" అనడిగింది, కాస్త తేరుకున్నాక.

"కాదు తల్లీ. ఆయాని. మిషను ఆసుపత్రిలో ముప్ఫై ఏళ్ళు చేశాను. కట్టు వేసినవాళ్ళ వేళ్ళు గంటకోసారి చూడమని మా డాక్టరమ్మ ఆయాలకి కూడా చెప్పేది. లోపల కాలు వాచిపోయి, కట్టు వాయనివ్వక, రక్తం ఆడక... నేను చెప్పకూడదు గాని, ఇది ఆగే విషయం కాదు."

"అరిసినాను కదమ్మా! ఎవులూ రానేదు."

"నొప్పి నొప్పి అని అరిచావు. ఆ మాట వాళ్ళు పొద్దుట్నుంచి రాత్రి దాకా వింటారు. నువ్వు చూసింది చెప్పు. ఎన్నింటికి ఎలా ఉంది, ఇప్పుడెలా ఉంది, ఏం మారింది. నీకేం భయంగా ఉందో అదీ చెప్పు. నీ మొగుడు ఎలాంటివాడో నీకు తెలిసినట్టు వాళ్ళకెలా తెలుస్తుంది?"

చిన్నతల్లికి చదువు రాదు. కానీ ఏ ఇంటావిడ ఎన్నాళ్ళ కిందట ఏ చేప అడిగిందో పొల్లు పోకుండా గుర్తుంటుంది. మంచం కోడు పట్టుకుని, పొద్దుట్నుంచి జరిగినదంతా ఒకసారి మనసులో వరసగా పేర్చుకుంది. తర్వాత నర్సు బల్ల దగ్గరికి నడిచింది. ఈసారి పరిగెత్తలేదు.

"నర్సమ్మా, ఇందాక అరిసినాను, తప్పే. ఇప్పుడు అరవను. ఒక్క మాట ఇను. పదింటికి మా ఆయన ఏళ్ళు కదిపినాడు. ఇప్పుడు కదపనేకపోతన్నాడు. బొటనేలి పక్కన ముట్టుకుంటే తెలదంతన్నాడు. ఆ కాలు సల్లగున్నాది, ఈ కాలు ఎచ్చగున్నాది. ఏలు పైకెత్తితే పేణం పోయినట్టు అరిసినాడు. జెల్ల ముల్లు దిగినా మాటాడని మడిసి నర్సమ్మా ఆయన."

భారతి చేతిలో మందు పోస్తున్న సీసా ఆగిపోయింది. సీసా అక్కడే పెట్టి, చిన్నతల్లి వెంట వచ్చింది. వేళ్ళు చూసింది, గోరు నొక్కి వదిలింది. తెల్లబడ్డ గోరు ఎంతకీ మళ్ళీ ఎర్రబడలేదు. బొటనవేలు పట్టుకోబోతే ఎల్లాజీ, "వద్దు తల్లీ, వద్దు," అని రెండు చేతులూ జోడించాడు.

భారతి బల్ల దగ్గరికి దాదాపు పరిగెత్తింది. ఫోనెత్తి డాక్టరు వినోద్‌తో మాట్లాడింది. కింద నుంచి ఏడుపులూ అరుపులూ ఇక్కడికి వినబడుతున్నాయి. "వస్తాడంట. ఒకరికి తలకి కుట్లు వేస్తన్నాడంట," అంది. అయిదు నిమిషాలయ్యాయి. మళ్ళీ చేసింది. ఈసారి ఎవరూ ఎత్తలేదు. పది నిమిషాలయ్యాయి.

"నర్సమ్మా," అంది చిన్నతల్లి. "ఆ డాట్రుబాబు రానేకపోతే, ఆయన పైన ఎవులు?"

భారతి మెట్లవైపు చూసింది. ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలు. డాక్టరు చూసి వెళ్ళాక ఆయన్ని దాటి పైకి ఫోన్ చేసిన నర్సుకి ఏమైందో చేరిన మొదటి వారమే ఎవరో కథలు కథలుగా చెప్పారు. చేతిలో పెన్ను మూత పెట్టింది, తీసింది.

"ఆర్ఎంఓ మేడం గారు ఉంటారమ్మా. ఆసుపత్రికంతటికీ బాధ్యత ఆవిడది," అంది చివరికి. "మెట్ల దగ్గర గోడ మీద ఒక బోర్డుంది. రోగికి ప్రమాదం అనిపిస్తే ఫోన్ చెయ్యమని మీ కోసమే రాశారు. మీరు చెయ్యొచ్చు. మిమ్మల్ని ఎవరూ తప్పు పట్టరు."

ఎనిమిది నెలల్లో ఆ నంబరుకి ఎవరైనా ఫోన్ చెయ్యగా ఆమె చూడలేదు.

మెట్ల దగ్గర మంచినీళ్ళ డబ్బాలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. బోర్డు సగం వాటి వెనకే ఉంది. చిన్నతల్లి డబ్బాలు పక్కకి ఈడ్చింది. జ్ఞానసుందరి కళ్ళజోడు పెట్టుకుని, అక్షరం అక్షరం చదివింది. "రోగి పరిస్థితి విషమిస్తోందని అనుమానం ఉండి, వార్డులో మీ మాట ఎవరూ వినకపోతే..." కింద నంబరు. చివరి అంకె దగ్గర పెయింటు రాలిపోయింది.

"ఇది మూడా, ఎనిమిదా?"

"ఏదో ఒకటి నొక్కమ్మా, బేగి నొక్కు!"

జ్ఞానసుందరి తన చిన్న ఫోనులో మూడు నొక్కి చిన్నతల్లి చెవి దగ్గర పెట్టింది. రెండు రింగులకే ఎత్తారు.

"అమ్మా, మా ఆయన కాలు..."

"రాజాం రైసు మిల్లండీ," అంది అటు నుంచి ఒక మగ గొంతు. వెనకాల మిషను చప్పుడు. "కాలేటి?"

చిన్నతల్లికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. జ్ఞానసుందరి ఫోను లాక్కుని ఈసారి ఎనిమిది నొక్కింది. చాలాసేపు మోగింది. ఇంక ఎత్తరనుకుంటుండగా, "ఆ, చెప్పండి," అని ఒక ఆడగొంతు వినబడింది. నోట్లో ముద్ద ఉన్నట్టుంది.

చిన్నతల్లి గోడకి ఆనుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని చెప్పింది.

"అమ్మా, నాను ఎముకల వార్డులో పదకొండో మంచం ఎల్లాజీ పెళ్ళాన్ని. నిన్న సాయింత్రం ఆరింటికి సిమెంటు కట్టేసినారు. ఈ రోజు ఎనిమిదింటి కాడి నుంచి నొప్పి పెరగడమే గాని తగ్గడం నేదు. రెండు సూదులేసినారు, తగ్గనేదు. పదింటికి ఏళ్ళు కదిపినాడు, ఇప్పుడు కదపనేకపోతన్నాడు. ముట్టుకుంటే తెలదంతన్నాడు. కాలు సల్లబడిపోనాది. డాట్రుబాబు కింద దెబ్బలోళ్ళ కాడ ఉండిపోనాడు. నర్సమ్మ రెండుసార్లు పిలిసినాది. నా మొగుడు నొప్పని సెప్పే మడిసి కాడమ్మా. నాకు శానా బయ్యంగా ఉన్నాది. ఎవులో ఒకరు ఇప్పుడే వచ్చి సూడాలి."

అటు నుంచి గిన్నె పక్కన పెట్టిన చప్పుడు వినబడింది. ముద్ద మింగినట్టుంది. తర్వాత వచ్చిన గొంతు వేరుగా ఉంది.

"ఫోను నర్సుకి ఇయ్యమ్మా. పరిగెత్తు."

పరిగెత్తింది. భారతి ఫోను చెవికి పెట్టుకుని, "అవును మేడం. లేదు మేడం. క్యాపిల్లరీ రీఫిల్ లేదు మేడం, గోరు ఎర్రబడడం లేదు," అంటూ నిటారుగా నిలబడిపోయింది. ఆ తర్వాత, "సరే మేడం, ఇప్పుడే," అని ఫోను చిన్నతల్లి చేతిలో పెట్టి, కట్టు కోసే మిషను కోసం పక్క గదిలోకి దూకింది.

ఆర్ఎంఓ నారాయణమ్మ కింద ఎవరికి ఫోన్ చేసిందో, ఏమందో గాని, మూడు నిమిషాల్లో వినోద్ మెట్లెక్కి వచ్చాడు. చొక్కా మీద ఎవరిదో రక్తం మరకలున్నాయి. అతను ఎల్లాజీ బొటనవేలు పట్టుకున్నాడు. వినోద్ మొహంలో రక్తం లేకుండా పోయింది.

"మిషను పెట్టు," అన్నాడు.

గిర్రున తిరిగే చిన్న రంపం చప్పుడుకి వార్డులో వాళ్ళంతా తలలు ఇటు తిప్పారు. తెల్లటి పొడి పైకి లేచింది. తొడ నుంచి పాదం దాకా ఒక పక్క కోశాడు, రెండో పక్కా కోశాడు. ఇనప పలకతో కట్టుని విడదీశాడు. లోపలి దూది రక్తం తగిలి గట్టిపడి, కాలికి ఉచ్చులా పట్టేసి ఉంది. దాన్ని కూడా కత్తెరతో చివరిదాకా కత్తిరించాడు. చర్మం కనిపించింది. బిగుసుకుపోయి, తళతళలాడుతూ, అక్కడక్కడా బొబ్బలు.

ఎల్లాజీ ఒక్కసారి పెద్దగా ఊపిరి వదిలాడు. నీళ్ళలో ఎంతోసేపు మునిగి పైకి తేలినవాడిలా.

"ఏటయ్యా? ఏటైనాది?" అంది చిన్నతల్లి.

"ఒగ్గినాదే," అన్నాడు. "మోకు ఒగ్గినాది."

ఇరవై నిమిషాలకి ఎముకల డాక్టరు వచ్చాడు. ఎవరింటి గృహప్రవేశానికో వెళ్ళినట్టున్నాడు, పట్టుపంచె, నుదుట కుంకుమ. వచ్చీరాగానే కాలు పట్టుకుని అటూ ఇటూ నొక్కి చూశాడు. కాలు గుండెకి సమానంగా ఉండేట్టు ఒకే దిండు మీద పెట్టించాడు. తర్వాత చిన్నతల్లివైపు తిరిగి, దాపరికం లేకుండా చెప్పాడు.

"కట్టు విప్పడంతో ఒత్తిడి తగ్గింది. కానీ ఇంకా చూడాలి. గంటలో వేళ్ళకి స్పర్శ రాకపోతే థియేటర్లోకి తీసుకెళ్ళి చర్మం చీల్చి లోపలి ఒత్తిడి వదలాల్సి ఉంటుంది. అందుకు సంతకం పెట్టి ఉంచమ్మా. అవసరం రాకూడదనే కోరుకుందాం."

చిన్నతల్లి వేలిముద్ర వేసింది.

ఆ గంట ఎలా గడిచిందో ఆమెకి సరిగా గుర్తులేదు. వినోద్ ఇంక కిందకి పోలేదు. కుర్చీ వేసుకుని మంచం చివర కూర్చున్నాడు. పది నిమిషాలకోసారి గోరు నొక్కడం, వదలడం. చిన్నతల్లి కూడా వంగి చూస్తూనే ఉంది. మొదట తెల్లగా ఉండిపోయింది. తర్వాత కాస్త ఆలస్యంగా ఎరుపు వచ్చింది. ఆ తర్వాత నొక్కి వదలగానే వచ్చింది. జ్ఞానసుందరి అవతల పెదవులు కదుపుతూ కూర్చుంది.

ముప్పావు గంటకి వినోద్ వేళ్ళ సందులో దూదితో రాశాడు.

"గిలిగింతలెడతన్నావేటి బాబూ?" అన్నాడు ఎల్లాజీ.

వినోద్ నవ్వాడు. పొద్దుట్నుంచి అతను నవ్వడం అదే మొదలు. "వేళ్ళు కదుపు," అన్నాడు. బొటనవేలు బరువుగా, బద్ధకంగా కిందకి వంగి పైకి లేచింది. మళ్ళీ కదిలింది.

చిన్నతల్లి మంచం కోడు పట్టుకుని నేల మీదకి జారి కూర్చుంది. మొహం చీరకొంగులో దాచుకుని, వెక్కి వెక్కి ఏడ్చింది. పొద్దుటి నుంచి ఆపుకున్నదంతా ఒక్కసారి బయటికొచ్చింది. సెక్యూరిటీ గంగులు ఎక్కడి నుంచో గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఆమె పక్కన పెట్టి, తల గోక్కుంటూ వెళ్ళిపోయాడు.

ఎముకల డాక్టరు ఇంకోసారి చూసి, థియేటరు అవసరం లేదన్నాడు. "ఇంకో రెండు మూడు గంటలు గడిస్తే కాలు తీసెయ్యాల్సి వచ్చేది. తీసెయ్యకపోయినా పాదం పనికొచ్చేది కాదు," అని, "వేళ్ళు చూసిందెవరు?" అనడిగాడు. చిన్నతల్లి జ్ఞానసుందరి వైపు చూపించింది. జ్ఞానసుందరి చిన్నతల్లి వైపు చూపించింది.

సాయంత్రం నారాయణమ్మ గారే వార్డుకి వచ్చింది. పొట్టిగా, లావుగా, జుట్టు సగం నెరిసి, చేతిలో డైరీతో. చిన్నతల్లితో మాట్లాడింది, భారతితో మాట్లాడింది, వినోద్‌ని పక్కకి పిలిచి చాలాసేపు మాట్లాడింది. భారతి బిక్కుబిక్కుమంటూ నిలబడితే, "బోర్డు చూపించింది నువ్వే కదూ? మంచి పని చేశావు. ఇంకోసారి మొహమాటపడకుండా నువ్వే నాకు చెయ్యి," అంది. మెట్ల దగ్గర నీళ్ళ డబ్బాలు అప్పటికప్పుడే తీయించింది. చివరి అంకె మీద తనే పెన్నుతో గట్టిగా దిద్దింది.

"రాజామోళ్ళకి గొడవ తప్పినాది," అంది చిన్నతల్లి. ఆవిడకి అర్థం కాలేదు. జ్ఞానసుందరి రైసు మిల్లు సంగతి చెబితే ఆవిడ డైరీ అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది.

వినోద్ వెళ్ళబోతూ మంచం దగ్గర ఆగాడు. "అమ్మా, పదింటికే నేను కదపమనడంతో ఆగకుండా, వేలు పట్టుకుని పైకెత్తి చూడాల్సింది. చీటీ చూసి వెళ్ళిపోయాను. నాదే తప్పు," అన్నాడు.

చిన్నతల్లి అతని వైపు తేరిపార చూసింది. పొద్దున్నయితే ఏమనేదో. కళ్ళ కింద నల్లటి వలయాలు, చొక్కా మీద ఎండిన రక్తం.

"తప్పే బాబూ," అంది. "మరి తిన్నావేటి పొద్దుట్నుంచి?"

అతను తల అడ్డంగా ఊపాడు.

"పోయి తిను. నీ పొట్ట మాడితే ఇంకోడి కాలు సూడనేవు."

మంగళవారం ఎల్లాజీకి రాడ్డు వేశారు. మూడోవారానికి ఇంటికి తీసుకెళ్ళారు. నాలుగు నెలల దాకా సముద్రం మొహం చూడనివ్వలేదు చిన్నతల్లి. మరుసటి వేట కాలానికి మళ్ళీ పడవెక్కాడు, వాతావరణం మారితే మాత్రం కాస్త కుంటుతాడు.

కానీ ఆ ఆదివారం సాయంత్రం అవన్నీ ఇంకా ముందున్నాయి. ఎల్లాజీ నిద్రపోయాడు, నోరు తెరుచుకుని, గుర్రు పెడుతూ. అయిదు గంటలకి చర్చి వాళ్ళు జీవరత్నాన్ని చూడడానికి వచ్చి, పెద్ద క్యారేజీ నిండా పులిహోర, కోడికూర ఇచ్చి వెళ్ళారు. జ్ఞానసుందరి స్టీలు గిన్నెలో పెట్టి ఇచ్చింది. అప్పుడు గాని చిన్నతల్లికి గుర్తు రాలేదు, శనివారం పొద్దున్న తాగిన టీ తర్వాత తను ఏమీ తినలేదని. ఆకలి ఒక్కసారి మీద పడింది. ఇద్దరూ మంచాల మధ్య నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చుని తిన్నారు. పులిహోరలో ఉప్పు తక్కువైందని జ్ఞానసుందరి నొచ్చుకుంటే, "బాగున్నాదమ్మా, ఇంకాసిని ఎయ్యి," అంటూ చిన్నతల్లి గిన్నె ముందుకి చాపింది.